కింది గొంతు పుస్తకం

చర్చి పక్క హాల్లో మూడు బల్లలు వరసగా వేసి పుస్తకాలు పరిచారు. నెలలో చివరి శనివారం మాఫెటెంగ్‌లో ఇదే సంబరం. ఒకటి పెట్టాలి, ఒకటి తీసుకోవాలి. పెట్టిందాన్ని మళ్లీ అడగకూడదు. మాలిసెబో భుజాల మీది కంబళికి పిన్నీసు సరిచేసుకుని, సంచీలోంచి తన పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"మళ్లీ కోళ్ల పెంపకమేనా అమ్మా?" అన్నాడు బల్ల వెనక కూర్చున్న మొఖేలే మాస్టారు. "పోయిన చలికాలం దీన్ని ఇక్కణ్ణుంచే పట్టుకెళ్లావు."

"చదివాను కదా! మీ బడిపిల్లల్లాగా తలకింద పెట్టుకుని పడుకోలేదు."

"మరి కోళ్లు పెరిగాయా?"

"పెరిగాయి. నక్కకి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది. ఈ హాల్లో ఉన్నంతసేపే ఆమెకు ఊపిరి తేలిగ్గా ఆడేది. బయట ఎవరు ఎవరిని సాగనంపుతున్నా అక్కడ నిలవలేకపోయేది. బస్టాండు మీదుగా రావలసి వస్తే చుట్టూ తిరిగైనా వేరే దారిన వచ్చేది. మొగుడు, తమ్ముడు, ఇద్దరు కొడుకులు సరిహద్దు అవతలి గనుల పనికి బస్సెక్కింది అక్కడే. పుస్తకాలు అలా కాదు. ఒకటి పోతే వెంటనే ఇంకొకటి చేతికొచ్చేది.

ఆమె బడికి పోలేదు. చిన్నప్పుడు చర్చి పాటల బృందంలో, నల్లబల్ల మీద రాసిన స్వరాలు చూసి నేర్చుకుంది. దో, రే, మి, ఫా, సో, లా, తి. ఏడు స్వరాలకు ఏడు అక్షరాలు. మిగతా అక్షరాలను పెద్దయ్యాక పిండి బస్తాల మీదా, మందు సీసాల మీదా ఒక్కొక్కటిగా పట్టుకుంది. బృందంలో ఇప్పుడు ఆరుగురే మిగిలారు, ఆరుగురూ ఆడవాళ్లే. ఇరవై ఏళ్లుగా అవే పాటలు.

అందుకే బల్ల మీద దొరికిన పచ్చ అట్ట నోటుపుస్తకం తెరిచేసరికి ఆమె పేజీ మీదికి వంగిపోయింది. పెన్సిల్‌తో రాసిన స్వరాలు. పన్నెండు పాటలు. ఒక్కటి కూడా తను విన్నది కాదు.

పెదాలు మాత్రమే కదుపుతూ మొదటి పాట చదివింది. అది మగవాళ్లు పాడే కింది గొంతు వరస. బృందాల్లో ఎవరి వరస వాళ్లే రాసుకుంటారు. పై గొంతుల పుస్తకాలు ఎవరిళ్లలో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో. మాటలు కూడా రాయలేదు. అయినా ఆ స్వరాలు అడుగున బరువుగా నడుస్తుంటే, పైన ఏదో పెద్ద పాట వెళ్తోందని తెలుస్తూనే ఉంది. కొత్త పాట! నోటుపుస్తకాన్ని కంబళి లోపలికి దోపుకుంది.

అప్పుడే గుమ్మంలో మాన్కోపానె కనిపించింది. మొగుడు పోయి ఏడాది తిరిగింది, నల్లబట్టలు విడిచి వారమే అయింది. వెనకే కోడలు రెఫిల్వే.

"ఎక్కడ పెట్టావే?"

"ఈ బల్ల మీదే అత్తయ్యా. మామయ్య బట్టలన్నీ చుట్టాలకు పంచేశాం కదా. ఆ పాత నోటుపుస్తకం ఎవరూ అడగలేదు. ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఇక్కడ పెట్టేశాను."

"నన్నొక మాట అడగొద్దూ?"

మాస్టారు మాలిసెబో వైపు చూశాడు. ఆ చూపును మాన్కోపానె పట్టేసింది.

"నీ దగ్గరుందా, మాలిసెబో?"

"ఉంది. కానీ అక్కా, నీకు స్వరాలు చదవడం రాదు కదా."

"రాదు."

"వచ్చినా లాభం లేదు. ఇది పాట కాదు. పాట పైన ఉంటుంది. ఇది కింద ఊతం పట్టే గొంతు, అంతే. ఇదొక్కటే పాడితే పాటవదు."

అది నోరు జారిన మాట కాదు. పుస్తకం తనకే ఉండాలని అన్న మాట.

"ఆయన చర్చి వేరు, నాది వేరు. వాళ్ల బృందం పాడగా నేనెప్పుడూ వినలేదు," అంది మాన్కోపానె. "పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుని ఆయన పాడేవాడు. నలభై ఏళ్లు విన్నాను. అదే పాట అనుకున్నాను."

మాలిసెబోకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"అత్తయ్యా, కారు వచ్చేసింది. చీకటి పడేలోపు సరిహద్దు దాటి మంగౌంగ్ చేరాలి."

"చేరతాంలే. నీ కొడుకులు కారు వదిలి పారిపోరు." మాన్కోపానె బల్ల అంచు పట్టుకుంది. "ఏదో ఒకటి పాడు మాలిసెబో. ఒక్కసారి."

మాలిసెబో మొదటి పాట అందుకుంది. ఆమె సన్నటి గొంతు అంత కిందికి దిగదు. పైకెత్తి పాడింది. ఒకచోట స్వరాలకు బదులు పెన్సిల్ గీత ఉంది. దాటేసి ముందుకు పోబోయింది.

"ఆగు! అక్కడ ఊరుకునేవాడు."

"ఎంతసేపు? గీత ఒక్కటే గీశాడు. లెక్క రాసుకోలేదు."

"అంతలో నేను సంకటి నాలుగుసార్లు కలిపేదాన్ని." తెడ్డు పట్టుకున్నట్టు చెయ్యి గాలిలో తిప్పింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "ఇప్పుడు అందుకో."

అందుకుంది. ఇంకో గీత దగ్గర మళ్లీ చెయ్యి తిరిగింది. ఈసారి రెండే సార్లు. ఆ ఖాళీల్లో పై గొంతుల ఆడవాళ్లు ఎక్కడెక్కడ ఎగసి ఉంటారో మాలిసెబోకు లీలగా అందింది. హాల్లో పుస్తకాలు తిరగేస్తున్నవాళ్లు చేతులు ఆపేశారు.

పాట అయిపోయింది. బయట కారు హారను మోగింది.

"ఆయన గొంతు నీకెక్కడ వస్తుంది," అంది మాన్కోపానె, కంబళి అంచుతో ముక్కు తుడుచుకుని. "కానీ నడక అదే."

ఆమె చూపు నోటుపుస్తకం మీదే ఉంది. అడిగితే ఇచ్చేస్తాను, అనుకుంది మాలిసెబో. ఒక్కసారి అడిగితే చాలు. మాన్కోపానె అడగలేదు.

"నువ్వు బాగా ఉండు," అంది.

ఉండిపోయేవాళ్లు బదులుగా 'నువ్వు బాగా వెళ్లు' అనాలి. ఊళ్లో చంటిపిల్లలకైనా ఆ మాట వచ్చు. మాలిసెబో నోరు పెగల్లేదు. కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది.

"అడిగితే ఇచ్చేదాన్ని మాస్టారూ," అంది కాసేపటికి.

"అడగకూడదని కదమ్మా నియమం."

"ఇవ్వకూడదని లేదుగా!"

ఆయన మిగిలిన పుస్తకాలు అట్టపెట్టెలో సర్దసాగాడు. మాలిసెబో గబగబా గుమ్మంలోకి వచ్చింది. రోడ్డు మీద కారు లేదు, ఎర్రటి దుమ్ము మాత్రం ఇంకా దిగలేదు.

అక్కడే నిలబడి రెండో పాట తెరిచింది. అయిదు స్వరాలు, ఆ తర్వాత గీత. చెయ్యి ఎత్తింది కానీ, ఎన్నిసార్లు తిప్పాలో తెలియలేదు. పేజీలు తిరగేసింది. ప్రతి పాటలోనూ గీతలే.

"అమ్మా, తాళం వెయ్యాలి," అన్నాడు మాస్టారు వెనకనుంచి.

"వెయ్యండి," అంది. కానీ గుమ్మం దిగలేదు.