శ్లేష్మం వారి చిత్రాలు

పదిమంది సందర్శకులు లేకపోతే పరీక్ష జరగదని మా మ్యూజియం నిబంధన. ఆ వానపూట పదింటికి గుమ్మంలో గొడుగులు దులుపుకుంటున్నది ఎనిమిదిమందే. పరీక్ష నాకు. ఇవాళ నెగ్గితే గైడ్ ఉద్యోగం ఖాయం. లేకపోతే మళ్లీ టికెట్ల కిటికీ వెనక్కి. ఆ కిటికీ వెనక ఏడేళ్లు కూర్చున్నాను. మనుషులు చేతుల వరకే కనిపించే ఉద్యోగం అది.

అందుకే ఇంటికి ఫోన్ చేశాను. పావుగంటలో మా అత్తగారు దిగారు, పక్కవాటా టైలరమ్మను వెంటబెట్టుకుని.

"పదిమందిమీ అయ్యామా?"

"అయ్యారు అత్తయ్యా. ఒక్కమాట. లోపల నేనెవరో తెలియనట్టు ఉండండి. నోరు మాత్రం విప్పకండి."

"నేనెందుకు విప్పుతానమ్మాయ్? అలాంటిదాన్నా?"

టైలరమ్మ తన చెప్పుల వంక చూసుకుంది. మా అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదని మా వీధిలో నువ్వులకు కూడా తెలుసు.

పరీక్ష పెట్టేది ప్రదర్శనల అధికారి. మేం ఆయన్ని ఫ్రేమాయన అంటాం. బొమ్మ ఎలా ఉన్నా ఆయనకు పట్టదు, గోడకు వంకరగా ఉండకూడదు. ఓ అట్టకు మార్కుల కాగితం తగిలించుకుని, పెన్సిలు చెవిమీద పెట్టుకుని మా వెనకే బయల్దేరాడు.

మూడు గదులు, మూడువందల ఏళ్లు, నలభై అయిదు నిమిషాలు. చెప్పాల్సిందంతా పద్దెనిమిది పేజీల్లో రాసిచ్చారు. మూడు నెలలుగా కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ ఎంత బట్టీ పట్టానంటే, మా ఆయన గడ్డం గీసుకుంటూ కూడా "పారదర్శకమైన నూనెరంగుల పొరలు" అని గొణుక్కునే స్థితికి వచ్చారు. గైడ్ ఎప్పుడూ సందర్శకుల వైపే ముఖం పెట్టి మాట్లాడాలన్నది ఇంకో నిబంధన. బొమ్మకు వీపు, మనుషులకు ముఖం. అలాగే నిలబడి మొదలుపెట్టాను.

"ఈ గదిలోవి ఫ్లెమిష్ చిత్రాలు. పదిహేనో శతాబ్దంలోనే ఫ్లెమిష్ చిత్రకారులు చెక్కపలకల మీద నూనెరంగులతో..."

"ఏం చిత్రాలంది?" అత్తగారి గుసగుస. ఆవిడ గుసగుస పక్కగదిలోకి కూడా వినిపిస్తుంది.

"శ్లేష్మం అంటోంది పిన్నిగారూ," అంది టైలరమ్మ.

"అయ్యో పాపం. చలిదేశం కాబోలు." తల్లి ఒళ్లో బిడ్డ ఉన్న బొమ్మ దగ్గరకు వంగి చూశారు. "అందుకే పిల్లాడు అలా ముసలాడిలా అయిపోయాడు. ఛాతీ పట్టేసినట్టుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను విననట్టు నాలుగో పేజీలోకి దూకాను. వెనక పెన్సిలు గీసిన చప్పుడు.

రెండో గదిలో మనుషుల ముఖచిత్రాలు. యుద్ధాలతో ఆ దేశం ఉత్తరం, దక్షిణంగా విడిపోయిందనీ, ఉత్తరాన డచ్ వాళ్లు వ్యాపారాలు చేసి ఇళ్ల గోడలకు చిన్నచిన్న బొమ్మలు కొనుక్కున్నారనీ, దక్షిణాన ఫ్లెమిష్ వాళ్లు చర్చిలకు పెద్దపెద్దవి వేశారనీ గడగడా చెప్పేస్తున్నాను. అత్తగారు బడిపిల్లలా చెయ్యెత్తారు. చెయ్యెత్తిన మనిషిని కాదనకూడదు, అదీ నిబంధనే.

"అంటే ఈ శ్లేష్మం తగ్గాక డచ్ వచ్చిందా, రెండూ కలిసే ఉన్నాయా?"

గదంతా గొల్లున నవ్వింది. లెక్కల మాస్టారిలా ఉన్న ఒకాయన మాత్రం నోటుబుక్కులో సీరియస్‌గా రాసుకున్నాడు.

"శ్లేష్మం కాదండీ, ఫ్లెమిష్. ఒక ప్రాంతం వాళ్లు."

"జబ్బు కాదూ? మరి ఒక్కరి ముఖంలోనూ నెత్తురుచుక్క లేదేం? ఆ చక్రం ఏంటి మెడకి? తలకాయ పళ్లెంలో పెట్టి వడ్డించినట్టు?"

"అది కాలరండీ. గంజి పెట్టి, కుచ్చులు పోసి..."

"పిన్నిగారూ, పది మీటర్లకు తక్కువ పట్టదు," అంది టైలరమ్మ, వేళ్లతో గాల్లో కుచ్చులు లెక్కపెడుతూ. "ఒక్కో కుచ్చు ఒక్కో కుట్టు. ఏమండీ, ఇది రోజూ ఉతుకుతారా?"

"ఉతికి, గంజి పెట్టి, ఒక్కో కుచ్చూ ఇస్త్రీ చెయ్యాలి," అన్నారు అత్తగారు. "ఆ చేసినావిడ బొమ్మ ఎక్కడుందమ్మా?"

నా పద్దెనిమిది పేజీల్లో ఆవిడ లేదు. "తర్వాతి గదికి వెళ్దాం," అన్నాను. పదిమందిలో ఆరుగురు నాతో కాదు, అత్తగారితో నడిచారు. నా ఉద్యోగం గొడుగు మీది నీళ్లలా చుక్కచుక్కా కారిపోవడం నాకు తెలుస్తూనే ఉంది.

మూడో గదిలో డచ్ నిశ్చలచిత్రం. బల్ల, నలిగిన తెల్లగుడ్డ, సగం ఒలిచిన నిమ్మకాయ, ఒరిగిన వెండిగిన్నె, గాజుగ్లాసు. పదిహేనో పేజీ. "పైకి అందంగా ఉన్నా రుచికి పులుపైన నిమ్మకాయ జీవితానికి సంకేతం. ఒరిగిన గిన్నె ఈ లోకం అశాశ్వతమని..."

"అశాశ్వతం కాదు, మన్నూ కాదు," అన్నారు అత్తగారు. "తినేవాడు మధ్యలో లేచిపోయాడు. తీసేది ఎవరో ఉన్నార్లే అని." అంటూనే తాడు మీంచి వంగి చెయ్యి చాచారు. బొమ్మకు జానెడు దూరంలో ఆ చేతిని పట్టుకున్నాను.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు?"

"కత్తి లోపలికి జరుపుదామని. చూడు, పిడి బల్ల అంచు దాటి బయటికొచ్చేసింది. పిల్లాజెల్లా తిరిగే ఇంట్లో ఎవరికైనా తగిలితే?"

చూశాను. ఆవిడ చెయ్యి వదలకుండానే వెనక్కి తిరిగి చూశాను. మూడు నెలలు ఆ బొమ్మ గురించి బట్టీ పట్టాను, దానికి చూపించింది మాత్రం నా వీపే. కత్తి పిడి నిజంగానే బల్ల దాటి మా వైపు పొడుచుకొచ్చి ఉంది. దాని నీడ గుడ్డ అంచు మీంచి కిందికి వంగింది. ఎవరైనా చెయ్యి చాచాలనే ఆ చిత్రకారుడు అలా వేశాడు. నాలుగొందల ఏళ్లుగా కాచుకుని కూర్చున్నాడు, మా అత్తగారి కోసం.

ఇక పేజీలు గుర్తు రాలేదు. పదిమందికీ వీపు పెట్టి, కళ్లకు కనిపించింది కనిపించినట్టు చెప్పడం మొదలుపెట్టాను. గ్లాసు పొట్టలో గోరంత కిటికీ ఉంది, నాలుగు అద్దాలతో సహా. "బొమ్మలో ఇంకెక్కడా కిటికీ లేదు. అంటే ఆ కిటికీ మన వెనకాల ఉండాలి," అన్నాను. పదిమందీ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. గోడకు మంటలార్పే ఎర్రసిలిండరు ఉంది.

"ఇది గ్లాసులో ఎందుకు పడలేదండీ?" అన్నాడు మాస్టారు.

"తొక్క తెగకుండా ఒలిచాడు. నిమ్మకాయ ముందు ఒలిచి వేశాడా, వేస్తుంటే ఎండిపోదా?" అంది టైలరమ్మ.

"గుడ్డ మీద మరక ఒక్కటీ లేదేం?" ఇది అత్తగారు. "భోంచేసిన బల్లేనా?"

నలభై అయిదు నిమిషాల పర్యటన గంటా పదినిమిషాలు పట్టింది.

అందరూ తలుపు దగ్గరికి చేరాక ఫ్రేమాయన కాగితం నా ముందు పెట్టాడు. ముఖం సందర్శకుల వైపు: సున్నా. పాఠం తప్పకపోవడం: సున్నా. సమయపాలన: సున్నా. మిగతా గళ్లన్నీ కలిపి నలభై నాలుగు. నెగ్గాలంటే యాభై.

"ఇంకో గడి ఉంది," అన్నాడు. "సందర్శకుల ప్రశ్నలు. ప్రశ్నకో మార్కు, పదికి మించి ఇవ్వను. ఇంతవరకు ఇందులో ఎవరికీ ఏమీ వెయ్యలేదు. ఇవాళ ఇరవైమూడు." మనసులో నలభై నాలుగుకు పది కలుపుకున్నాను. "చుట్టాల ప్రశ్నలు చెల్లవు. ఆ పెద్దావిడ మీకేమవుతారు?"

అబద్ధం ఆడదామనే అనుకున్నాను. నాకంటే ముందు అత్తగారే అందుకున్నారు.

"ఈవిడా? ఎవరో నాకేం తెలుసండీ? ఇవాళే చూడ్డం."

"అదేంటి పిన్నిగారూ," అంది టైలరమ్మ, "మీ కోడలేగా!"

చేసేదేముంది. "అవునండీ, మా అత్తగారు," అన్నాను.

"అందాకా ఎందుకు, అత్తయ్యా అని ఇందాక మీరే అరిచారు." ఆయన పెన్సిలు టైలరమ్మ వైపు తిప్పాడు. "ఈవిడ?"

"పక్కింటావిడ."

"పక్కిళ్ల గురించి నిబంధనల్లో లేదు." వరసగా గీతలు కొట్టేశాడు. "అత్తగారివి పద్నాలుగు పోయాయి. మిగిలినవి తొమ్మిది. యాభైమూడు. సోమవారం నుంచి మీ ఉద్యోగం ఖాయం. ఇవాళ రెండు గంటల పర్యటన కూడా మీదే."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆవిడ చేతులు పట్టుకోబోయాను. అత్తగారు విదిలించుకున్నారు.

"పద్నాలుగూ కొట్టేస్తాడా? బంగారంలాంటి ప్రశ్నలు! ఆ ఇస్త్రీ చేసినావిడ సంగతి ఎవరైనా అడిగారా నేను తప్ప?"

"అత్తయ్యా, ఉద్యోగం వచ్చింది కదా."

"వస్తే రానీ. నా మాట లెక్కలోకి రాలేదు కదా." చేతిసంచీలో డబ్బులు వెతుక్కుంటూ టైలరమ్మను పిలిచారు. "పద, రెండు గంటల దానికి టికెట్ కొనుక్కుందాం. డబ్బిచ్చి కొన్నాక నా ప్రశ్నలు ఎలా కొట్టేస్తాడో నేనూ చూస్తాను."