పళ్లెం దిగిన చోటు

సాయంత్రం ఐదింటికి కూచిపూడి టీచర్ సూర్యప్రభ కమ్యూనిటీ హాలు తాళం తీసి, ముందు నేల ఊడ్చేది. ఆ తర్వాతే గజ్జెలు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ వైపు పోయే మెట్రో చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి పిల్లలు ఆ చప్పుడులోనే తాళం పట్టుకోవడం నేర్చుకున్నారు. చిన్నవాళ్ల అడుగులయ్యాక పెద్దవాళ్ల తరంగం. ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలుంచి, బొటనవేళ్లతో దాన్ని ముందుకీ వెనక్కీ నడుపుతూ ఆడాలి. తాళం కుదిరితే పళ్లెం నేల వదిలేది. బాగా కుదిరితే పైన రేకుల దాకా పోయేది.

అందుకే ఆమెకు ఈ హాలే కావాలి. అంతకుముందు కిరాయింట్లో క్లాసు నడిపినప్పుడు తలలు తగులుతాయని తల్లులు ఫ్యాను ఆపించేవాళ్లు. ఎండాకాలం ఉక్క తట్టుకోలేక సగం మంది మానేశారు.

కార్పొరేషన్ పోలింగుకి ముందురోజు, పెద్దవాళ్లలో వాణి పళ్లెం మీద రేకుల దగ్గర తిరుగుతుండగా సాయికుమార్ వచ్చాడు. కార్పొరేటర్ శ్రీనివాస్ మనిషి. ఒకసారి తలెత్తి చూసి, “బాగ లేస్తున్నది పిల్ల,” అని, టేపు తీసి గోడ కొలవడం మొదలుపెట్టాడు.

“ఏమిటి బాబూ ఆ కొలతలు?” అంది సూర్యప్రభ.

“ఎలక్షన్ అయిపోంగనే ఈడ నడుమ స్లాబు పడ్తది మేడం. పైన కింద రెండూ కోచింగ్ సెంటర్‌కిస్తున్నం. పొద్దుమీకి కింద మీరు చేస్కోవచ్చు, జర వంగి.”

“వంగి డాన్సేమిటయ్యా? నేను శ్రీనివాస్ గారితో మాట్లాడతాను.”

“మాట్లాడుండ్రి. కోపం జేస్కోకుండ్రి గానీ మేడం, గా కోచింగాయన వెనక కాలనీకి కాలనీ ఉన్నది. మీ వెనక ఎవరున్నరు? ఓట్లనాడు మీకు రిహార్సల్ ఉంటది గదా.”

సూర్యప్రభ తాళం ఆపకుండా అతని టేపు వంక చూసింది. అతను చెప్పింది అబద్ధమైతే కదా! ఆఫీసులూ బళ్లూ అన్నీ మూసేసే పోలింగ్ రోజు ఆమె బృందానికి దొరికే ఒకే ఒక్క పూర్తి రోజు. దానికి తోడు సిరా. చూపుడువేలి మీద నల్లగీత పడితే పువ్వు పట్టిన చెయ్యి పుండు పడ్డట్టుంటుందని ఆమె గురువు అనేవారు. ప్రోగ్రాం ముందు వేలికి సిరా అంటకూడదన్న నియమం అలా వచ్చింది. ప్రోగ్రాం ఎప్పుడు లేదు కనుక! కార్పొరేషనైనా, అసెంబ్లీ అయినా, పార్లమెంటైనా వీళ్ల వేళ్లు తెల్లగానే ఉండేవి. ఢిల్లీ నుంచి రావలసిన కళాకారుల పెన్షన్ ఆగిపోయి ఆ గురువుగారు మందులు సగానికి తగ్గించుకున్నప్పుడు అందరూ ప్రభుత్వాన్ని తిట్టారు. తిట్టి, రిహార్సల్‌కి పోయారు.

సాయికుమార్ వెళ్లాక వాణి కిందికి దిగింది. డిగ్రీ రెండో సంవత్సరం, ఇల్లు ఈ వార్డులోనే, గురువు ముందు కూడా మాట దాచుకోదు.

“ఆయన తప్పేమన్నడు మేడం? మనల్ని ఎవరు లెక్కల పెడ్తరు? మనం లేనే లేము గదా.”

“నీకు తెలీదు. ఎల్లుండి ప్రోగ్రాం పెట్టుకుని రేపు చేతులు పాడుచేసుకుంటావా?”

“చేతులు మంచిగనే ఉంటయి. ఆడనీకి జాగనే ఉండదు.”

“వాదించకు. రేపు ఎనిమిదింటికల్లా అందరూ ఇక్కడుండాలి.”

మర్నాడు ఎనిమిదింటికల్లా అందరూ వచ్చారు. తల్లిదండ్రులు గోడ వారగా టిఫిన్ డబ్బాలతో కూర్చున్నారు. సూర్యప్రభ తాళాలు పట్టుకుని నట్టువాంగం మొదలుపెట్టింది. వాణి పళ్లెం ఎక్కింది, పళ్లెం లేచింది. కానీ ఈసారి పైకి పోలేదు. మనిషి ఎత్తున ఆగి, పక్కకి తిరిగి, తెరిచిన షట్టర్లోంచి బయటికి సాగింది.

“వాణీ! ఏమిటే ఇది?”

తాళం ఆపితే పిల్ల కిందపడుతుంది. అందుకని సూర్యప్రభ వాయిస్తూనే వెనక నడిచింది. ఆమె వెనక పిల్లలు, వాళ్ల వెనక తల్లిదండ్రులు. ఇడ్లీ బండి దాటారు, వాటర్ ట్యాంకు దాటారు. దారిలో ఒకాయన స్కూటర్ పక్కకి తీసి దారిచ్చాడు. పళ్లెం లేవడం సహజమే. కానీ ముందుకి పోవాలంటే బొటనవేళ్లు నెట్టాలి. ఆ వేళ్ల కదలిక నేర్పిన మనిషికి అది కనపడకుండా ఎలా ఉంటుంది?

సర్కారు బడి ఆవరణలో, లైను చివర పళ్లెం దిగింది.

“జర పక్కకు పెట్టు బిడ్డా, కాళ్లకు తాకుతది,” అంది ముందు నిలబడ్డ పూలమ్మే సుక్కమ్మ. సూర్యప్రభను చూసి, “ఏంది మేడం, ఇన్నేండ్లకు దారి దొర్కిందా?” అని నవ్వింది.

వాణి నడుము బెల్టులోంచి ఓటరు కార్డు తీసింది.

“అయితే ముందే అనుకున్నావన్నమాట,” అంది సూర్యప్రభ.

“అనుకున్న మేడం. మీ పేరు గూడ చూసిన, ఉన్నది. ఆధార్ కార్డు మీ తాళాల సంచిలనే ఉంటది గదా.”

తిడదామని నోరు తెరిచింది. బడి వరండా పైకప్పు మరీ కిందికి ఉంది. వాణి తల దానికి జానెడు దూరంలో ఉంది, స్లాబు పడితే హాల్లోనూ అంతే. సూర్యప్రభ ఆ జానెడునే చూస్తూ లైన్లో కదిలింది.

లోపల సిరా సీసా ముందున్న ఉద్యోగి, “ఎడమచెయ్యి ఇవ్వండమ్మా,” అన్నాడు.

“వేరే వేలికి పెట్టకూడదా?”

“కుదరదమ్మా. వెనక లైనుంది చూడండి.”

వెనక్కి తిరిగి చూసింది. తన తరంగం బృందం, తల్లులు, తండ్రులు, సెలవని బస్సెక్కి విజయవాడ పోకుండా రిహార్సల్ కోసం ఆగిపోయిన వాళ్లందరూ, ఆమె ఏం చేస్తుందా అని చూస్తున్నారు. చెయ్యి చాచింది. సిరా చల్లగా తగిలింది, అంతే.

ప్రోగ్రాం బాగానే జరిగింది. వేళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. లెక్కింపు రోజు మాత్రం శ్రీనివాస్ ఓడిపోయాడు. తేడా ఎంతంటే, ఒక డాన్సు క్లాసు దాని తల్లిదండ్రులతో సహా ఎంతో అంత. స్లాబు కోసం దించిన ఇనుప చువ్వల్ని లారీ వచ్చి ఎత్తుకుపోయింది. కొత్త కార్పొరేటర్ సింధు శాలువా తెస్తే సూర్యప్రభ, “ఇది వద్దమ్మా, పిల్లలకి బాత్రూం కట్టించు,” అని వెనక్కిచ్చేసింది.

వానలు మొదలైన వారం, వాణి పైనుంచి అరిచింది. “మేడం! ఈడ రేకు పగిలింది, నీళ్లొస్తున్నయి!”

సూర్యప్రభ ఒక చేత్తో తొడ మీద తాళం వేస్తూనే ఇంకో చేత్తో సింధుకు ఫోన్ చేసింది.

“పంపిస్తా మేడం,” అంది సింధు. “కానీ అంత పెద్ద నిచ్చెన మా దగ్గర లేదు. మెల్లగ చూద్దమా?”

“మెల్లగా ఏమీ లేదు, ఇప్పుడే కావాలి. మనిషిని పంపమ్మా చాలు. పైకి మేం ఎక్కిస్తాం.”