డిశ్చార్జి అయితే వెంటనే తీసుకురండి

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నాకు ఒక మాట అర్థం కాకపోవడం వల్ల నా కూతురికి చెవుడు వస్తుందేమోనని. వేరే భయాలు లేవని కాదు, బోలెడున్నాయి. వాటిని పెట్టుకుని వంట చేసుకోగలను, బట్టలు ఉతుక్కోగలను. దీంతో మాత్రం చెయ్యి ఆడదు.

మా బుజ్జిదానికి రెండేళ్లు. కుడి చెవి లోపల నీరు చేరిందని చిన్న ఆపరేషన్ చేశారు. మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. పక్క మంచం మీద ఇంకో పాప. అదే వయసు, అదే కుడి చెవి, అదే ఆపరేషన్. వాళ్లమ్మ చొక్కాలకి బొత్తాలు కుట్టే పని చేస్తుంది. నేను బొత్తాలక్కా అని పిలిచేదాన్ని.

ఇంటికి పంపే రోజు నర్సమ్మ మా ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చింది. అంతా ఇంగ్లీషే. ఒక లైను కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, "డిశ్చార్జి అయితే వెంటనే తీసుకొచ్చెయ్యాలి. ఆలస్యం చేశారో, వినికిడి పోతుంది" అని చెప్పి చకచకా వెళ్లిపోయింది.

నేను బొత్తాలక్క వైపు తిరిగాను.

"డిశ్చార్జి ఇప్పుడు చేశారుగా అక్కా? ఇంటికి పోయి మళ్లీ వెంటనే రమ్మంటుందేంటి?"

"గేటు దాకా వెళ్లి వెనక్కొద్దాం పద" అని పకపకా నవ్వింది బొత్తాలక్క. "అందరికీ ఇచ్చే కాగితమేలే పిల్లా. ప్రతిదానికీ ఇలా బెంబేలు పడితే ఎలాగ?" తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచిలోని సూదులు దానికి గుచ్చుకుంది.

మళ్లీ అడిగితే ఏం చదువుకున్నావమ్మా అంటారని నేనూ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఏడో తరగతి సగంలో ఉండగా మా అమ్మకి జబ్బు చేస్తే నన్ను బడి మానిపించారు.

ఇంటికొచ్చాక అత్తమ్మని అడిగాను.

"ఫోన్ డిశ్చార్జి అయిందంటాం కదే, అదే ఇది. పిల్ల నీరసంగా వేలాడిపోతే తీసుకురమ్మని" అని తేల్చేసింది.

ఇంక ఆ రోజంతా నాకు అదే పని. పిల్ల గంతులేస్తే హమ్మయ్య అనుకోవడం, ఆవలిస్తే గుండె జారిపోవడం. మధ్యాహ్నం కళ్లు మూసుకుందని లేపి కూర్చోబెట్టాను.

"నిద్ర కూడా పోనివ్వవా దాన్ని?" అని అత్తమ్మ కసిరింది.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఫోన్ చేస్తే, "మా మేస్త్రీని పనిలోంచి తీసేసినప్పుడు కూడా డిశ్చార్జి అనే రాశారు. అంటే పంపించెయ్యడమేనే. నేనిక్కడ లిఫ్టు మీద నిలబడి ఉన్నాను, నన్నొదిలెయ్యి తల్లీ" అన్నాడు.

పంపించెయ్యడమట, బ్యాటరీ అయిపోవడమట, ఉద్యోగం పోవడమట. ఇందులో చెవి ఎక్కడుంది?

వరసగా రెండు రోజులు పొద్దున్నే దిండు గలేబు మీద పసుపు మరక కనిపించింది. చెవిలో వేసిన చుక్కల మందు కారిందనుకుని ఉతికి ఆరేశాను. బొత్తాలక్కకి ఫోన్ చేస్తే, "మాదాని దిండూ తడుస్తోంది, చెమటలే" అంది. ఇద్దరికీ అంతే కదా అని కాస్త స్థిమితపడ్డాను.

మూడో రోజు ఇంక ఉండబట్టలేక పిల్లని చంకనేసుకుని ఆస్పత్రికి వెళ్లాను.

"ఏమైందమ్మా?" అంది నర్సమ్మ.

"డిశ్చార్జి అయింది కదండీ. వెంటనే రమ్మన్నారు. నాకే లేటయింది."

ఆమె పక్కావిడకి చెప్పి మరీ నవ్వింది. నవ్వుతూనే పాప చెవిలో దూది తీసింది. నవ్వు ఆగిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి కారుతోంది ఇది?"

"అది మందు కదండీ?"

"మందేంటి తల్లీ, చీము! చెవిలోంచి చీము కారడాన్నే డిశ్చార్జి అంటారు!"

మరి చీము అనే చెప్పొచ్చు కదా. ఆ మాట నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఏడుపొచ్చేసింది. డాక్టరుగారు చెవి శుభ్రం చేసి, మందు మార్చి, "ఇంకో రెండు రోజులైతే కష్టమయ్యేది" అన్నారు. వెనక నుంచి చప్పట్లు కొడితే మా బుజ్జిది గిరుక్కున తిరిగింది. అది తిరగడం చూశాక చప్పున గుర్తొచ్చింది, బొత్తాలక్క చెప్పిన దిండు.

ఫోన్ చేశాను. స్విచాఫ్. ఆస్పత్రిలోనూ ఆ నంబరే ఉంది. వాళ్లిచ్చిన అడ్రసుకి వెళ్తే నిన్ననే ఖాళీ చేశారన్నారు. పని దొరికిన చోటికి మారిపోతుందట. చుట్టుపక్కల నాలుగు కుట్టు షాపులు తిరిగాను, ఎక్కడా లేదు.

మీ వైపు బట్టలు కుట్టే చోటేదైనా ఉంటే ఒక్కసారి లోపలికి వెళ్లి చూడండి. దారం పళ్లతో తెంపుతూ, మాటకి ముందు నవ్వుతుంది. సూదులు ఎర్ర గీతున్న కాగితానికి గుచ్చి ఉంటాయి. పక్కన రెండేళ్ల పాప ఉంటుంది, కుడి చెవిలో దూదితో. వెనక నుంచి చప్పట్లు కొట్టండి. తిరిగినా, తిరక్కపోయినా, ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. డిశ్చార్జి అని మాత్రం అనకండి. చీము అనండి.