చప్పుడు చాటున

పిన్ని నా ముందు మెట్లెక్కుతోంది, ఆమె పోయి చాలా ఏళ్ళయిందని నాకు తెలుసు, అయినా ఆ మాట పైకంటే నొచ్చుకుంటుందేమోనని నోరు మూసుకుని వెనకే ఎక్కుతున్నాను. ఇవి మా అపార్ట్‌మెంటు మెట్లే, కానీ ఒక మలుపు తిరిగేసరికి కాకినాడలో పిన్ని కాపురమున్న ఇంటి వంటగదిలో ఉన్నాం, గోడలు మాత్రం ఆవిరి పట్టినట్టు మసకమసకగా ఉన్నాయి. నా చేతిలో పొద్దున మొదలుపెట్టిన నవల ఉంది, మూడో అధ్యాయం దగ్గర వేలు పెట్టి పట్టుకున్నాను.

"ఏం పుస్తకమే అది?" అంటుంది కనకరత్నం పిన్ని, ఇటు తిరగకుండానే.

"మొగుడు కొడుతుంటే పడుండే హైమ అనే అమ్మాయి కథ పిన్నీ. చదువుతుంటే ఒళ్ళు మండిపోతోంది. ఒక్క దెబ్బా చూపించదు ఆ రచయిత్రి. వాడు ఇంటికొస్తాడు, తలుపు పడుతుంది, అధ్యాయం అయిపోతుంది. తెల్లారేసరికి ఈవిడ మళ్ళీ పూరీలు వత్తుతుంటుంది. లేచి వెళ్ళిపోవచ్చుగా?"

"తలుపేశాక బయటోళ్ళకి కనపడేది అంతేగా. బాగానే రాసిందే ఆవిడ."

నాకు భయం అక్కడ మొదలవుతుంది. పిన్ని మిక్సీ వేస్తుంది, ఆ రొద వినగానే చిన్నప్పటి వేసవి సెలవులు కళ్ళ ముందుకొస్తాయి, బాబాయి ఇంటికొచ్చిన కాసేపటికల్లా వంటింట్లో ఇదే చప్పుడు, రుబ్బుడు ఊరంతా వినిపిస్తుంది, కంచంలో మాత్రం పచ్చడి చుక్క ఉండదని అమ్మ ఎగతాళి చేసేది, మేమంతా నవ్వేవాళ్ళం. ఇప్పుడు జార్‌లోకి తొంగిచూస్తే అడుగున బ్లేడు ఒక్కటే తిరుగుతోంది.

"ఇందులో ఏమీ లేదు పిన్నీ."

"ఎందుకుంటుందే? మనింట్లో గోల పక్కింటికి వినపడితే పరువేం కాను?" అంటూ నా చెయ్యి లాగి మూత మీద పెడుతుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. "గట్టిగా అదిమి పట్టుకో. తీశావంటే వినపడిపోద్ది."

కింద మెట్ల మీద చెప్పుల చప్పుడు. మీ బాబాయి వస్తున్నారంటూ పిన్ని కొంగు నిండుగా కప్పుకుంటుంది, ఇన్నేళ్ళుగా అడగాలనుకున్నది ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేనని నేను తొందరపడతాను.

"పిన్నీ, వంటింట్లో కాలుజారి పడ్డావన్నారు. నిజంగా జారావా?"

ఆమె నా చేతిలోని పుస్తకం వైపు గడ్డం ఎత్తి చూపిస్తుంది. "ఆ హైమ బయటపడుద్దా? ఆఖరి పేజీ చూసి చెప్పవే."

రెండో చేత్తో పుస్తకం తిప్పుతాను, తడి అప్పడాల్లా పేజీలన్నీ అతుక్కుపోయి ఒక్కటీ ఊడి రాదు, చెప్పులు పై మెట్టు దాకా వచ్చేశాయి.

"రావట్లేదు పిన్నీ."

"పోనీలే. మీ పై ఫ్లాటులో పిల్ల రోజూ ఏం రుబ్బుతోందే?"

"అపర్ణా? కొబ్బరి పచ్చడట. వాళ్ళాయనకి ఇష్టమట. కొత్త కాపురం కదా..."

"ఎప్పుడైనా రుచి చూశావా?"

నా వెనక గడియ పడుతుంది. పిన్ని నోరు తెరిచి అరుస్తోంది, కానీ ఆ రొదలో ఒక్క మాటా వినపడదు, నా చెయ్యి మూత మీంచి ఎంత లాగినా రాదు.

కళ్ళు తెరిచాను. మిట్టమధ్యాహ్నం. సోఫాలోనే నిద్రపోయినట్టున్నాను, నవల గుండెల మీద బోర్లా పడి ఉంది, ఒళ్ళంతా చెమట. మిక్సీ చప్పుడు మాత్రం ఆగలేదు. పై ఫ్లాటులోంచి వస్తోంది. కొబ్బరి వేస్తే చప్పుడు కాసేపటికి బరువెక్కాలి. ఇది ఎంతకీ బరువెక్కడం లేదు, సన్నగా కీచుమంటూ సాగుతూనే ఉంది.

చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కి అపర్ణ వాళ్ళ బెల్లు నొక్కాను. లోపల మిక్సీ చప్పుడు ఇంకా పెద్దదైంది. నేను వేలు తీయలేదు.