మేడంగారి చూపుడువేలు

డీజే పెట్టెలు వచ్చాక యానాంలో పెళ్ళిళ్ళకి డోలూ సన్నాయీ పిలిచేవాళ్ళే కరువయ్యారు. పెట్టె భోజనం అడగదు, పంచెలచాపు అడగదు, పైగా గుండెలు అదిరేలా మోగుతుంది. ఫరంపేట ఉమామహేశ్వరం డోలుకి ఇక మిగిలింది యానాం-ఫ్రాన్సు స్నేహ కమిటీ వాళ్ళు పెట్టే సభలే. అవీ ఊడిపోయేలా ఉన్నాయి.

"నీకిదే ఆఖరి ఛాన్సు," అన్నాడు కమిటీ అధ్యక్షుడు వెంకటేశ్వరరావు, ఇస్త్రీ చొక్కా నలక్కుండా సర్దుకుంటూ. "ఫ్రాన్సు నుంచి మేడం వస్తన్నారు. ప్రపంచం మారిపోయిందంట. ఇకమీదట దేశాల దోస్తీ ఆఫీసుల్లో కాదంట, జనంలో జరగాలంట. దాని గురించి మాట్లాడతారు. ఆవిడది అయ్యాక నేను వేలు ఊపుతాను, అప్పుడు వాయించు. మధ్యలో చప్పుడైందంటే పై సభకి డీజేయే!"

"ఆయ్, అలాగేనండి."

పెళ్ళిలో పంతులుగారు చూపుడువేలు ఎత్తి ఆడిస్తే గట్టిమేళం వాయించాలి. తాళి కట్టేవేళ ఎవడి తుమ్మూ, ఎవడి చెడ్డమాటా వినబడకూడదు మరి. ముప్పై ఏళ్ళుగా ఉమామహేశ్వరం చేతులు ఆ వేలికే లొంగి ఉన్నాయి. బుర్రని అడగడం ఎప్పుడో మానేశాయి. సన్నాయి ఊదే అప్పారావు సంగతీ అంతే.

గోదావరి ఒడ్డున సభ. క్లెయిర్ మేడం మైకు అందుకున్నారు. ఆవిడ ఇంగ్లీషుని జోసెఫిన్ టీచరు తెలుగులో చెబుతోంది.

"ముందుగా ఒక్క మాట," అంటూ మేడం చూపుడువేలు ఎత్తి ఆడించారు.

ఢమఢమఢమఢమ! పీ పీ పీ!

మేడం ఎగిరిపడ్డారు. జనం నోళ్ళు తెరిచి, ఆ తెరిచిన నోళ్ళతోనే విరగబడి నవ్వారు. వెంకటేశ్వరరావు కళ్ళు నిప్పులయ్యాయి. ఉమామహేశ్వరం డోలు పుల్లని తొడకింద దాచుకున్నాడు.

"రెండో మాట..." మళ్ళీ వేలు.

తొడకింద పుల్ల ఎలా బయటికొచ్చిందో అతనికే తెలీదు. పీ పీ పీ! ఢమఢమఢమఢమ!

"కొంప ముంచేశావు గదరా!" అన్నాడు అప్పారావు.

"నువ్వేం గాలి పీల్చుకుంటన్నావేంటి? ఊదలేదూ?"

జోసెఫిన్ టీచరు మేడం చెవిలో సంగతంతా ఊదింది. మేడం కళ్ళు చిన్నపిల్ల కళ్ళల్లే వెలిగాయి. తన వేలిని తనే ఓసారి అబ్బురంగా చూసుకున్నారు. అంతలో వెనకనుంచి ఎవరో అరిచారు.

"మేడంగారూ! మాకందరికీ వీసాలెప్పుడు ఇస్తారండీ?"

టీచరు తర్జుమా చేసింది. మేడం తీయగా నవ్వి, వేలెత్తారు. ఢమఢమఢమఢమ! ప్రశ్న గోదాట్లో కలిసింది. అడిగినవాడే అందరికన్నా ఎక్కువ నవ్వాడు. ఇంత చక్కగా ఏ దేశమూ ఎవడికీ జవాబు చెప్పి ఉండదు.

ఇక మేడం ప్రసంగం కాగితాలు మడిచి విసనకర్ర చేసుకుని, కిందికి దిగొచ్చి చిందేశారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. అది చూసి వెంకటేశ్వరరావు పరుగున మైకు లాక్కున్నాడు.

"ఈ మేళం ఐడియా నాదే! ఏడాది పొడుగునా మన సభలన్నిటికీ ఉమామహేశ్వరమే!"

ఉమామహేశ్వరం గుండె తేలికపడీ పడకముందే, ముందు వరసలోంచి చేపలమ్మే నాగదుర్గ లేచింది.

"పెసిడెంటుగారూ, మా చేపలబజారుకి రేకులేయిత్తానని మీటింగు మీటింగుకీ చెప్తన్నారు. ఎప్పుడండీ? వానలో చేపలూ మేమూ ఒకేలా నానతన్నాం!"

వెంకటేశ్వరరావు నవ్వాడు. వేలెత్తి ఆడించాడు.

డోలు మీదికి చెయ్యి దూకబోయింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి బుర్ర అడ్డొచ్చింది. పుల్ల గాల్లోనే ఆగిపోయింది. అప్పారావు బుగ్గలు ఉబ్బి, ఉత్తినే చప్పబడ్డాయి. నిశ్శబ్దంలో అధ్యక్షులవారి వేలు ఒంటరిగా ఊగుతోంది.

"వాయించవయ్యా!" పళ్ళు నూరుతూ అన్నాడు అధ్యక్షుడు.

"ఒరే, ఇప్పుడే గదా బతికాం, వాయించెయ్యరా," గొణిగాడు అప్పారావు.

"మంచిమాట ఇంకా వినబళ్ళేదండి," అన్నాడు ఉమామహేశ్వరం పైకే.

జనం చూస్తున్నారు, మేడం చూస్తున్నారు, ఫోన్లన్నీ చూస్తున్నాయి. వెంకటేశ్వరరావు వేలు దించేశాడు.

"వేయిస్తానమ్మా... దసరాలోగా."

ఏ వేలూ లేవకుండానే ఢమఢమఢమఢమ! పీ పీ పీ! పెళ్ళిముడి పడినట్టు మాట ఖాయమైపోయింది. మేడంకిచ్చిన బంతిపూలగుత్తిని నాగదుర్గ బల్లమీంచి అందుకుని, రేకులు దూసి అధ్యక్షుడి నెత్తిన అక్షింతల్లే చల్లింది. మేడం కూడా గుప్పెడు చల్లారు.

జుట్టులో బంతిరేకులతో వెంకటేశ్వరరావు విసవిసా వచ్చి, తిట్టడానికి వేలెత్తాడు. పుల్ల లేచింది. గబుక్కున ఆ వేలు జేబులో పెట్టేసుకున్నాడు.

"పై సభకి కూడా వచ్చి చావు," అన్నాడు. "కాకపోతే నాకు దూరంగా కూచో బాబూ."

"ఆయ్, అలాగేనండి."