వీధంతా వీపులే

పొద్దున్నే గది తలుపు తీయగానే ఫొటోల పిల్ల కంప్యూటర్ ఆన్ చేసి, అది మేలుకునేలోపు గది ఊడ్చేసి, ఆ తర్వాత కూర్చుని కెమెరా తుడుచుకుంటుంది. ముప్ఫై దాటిన మనిషిని ఇంకా పిల్ల అనడమేమిటని మీరు అడగొచ్చు. ఆ వీధిలో అందరూ అలాగే పిలుస్తారు, ఆమె కూడా పలుకుతుంది, మధ్యలో మనకెందుకు!

ఆమె తీసేది షాపుల వాళ్ళ ఫొటోలు. టైలర్ మిషన్ మీద వంగి కుడుతుండగా ఒకటి, కళ్ళజోళ్ళాయన అద్దాన్ని వెలుతురుకెత్తి చూస్తుండగా ఒకటి. వాటిని పెద్దవి చేసి ఫ్రేము కట్టి ఇస్తే, వాళ్ళు కౌంటర్ వెనక గోడకి తగిలించుకుంటారు. కొనడానికి వచ్చినవాళ్ళు చూసి ముచ్చటపడాలని వాళ్ళ కోరిక. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఫొటోల్లో అందరూ అటు తిరిగి ఉంటారు.

తీసినప్పుడు కాదండోయ్. తీసినప్పుడు లక్షణంగా ఇటే చూస్తారు, కొందరు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతారు కూడా. రేటు చెప్పి, డబ్బు చేతులు మారాక మొదలవుతుంది. ఫొటోలో టైలర్ కుట్టడం ఆపి, స్టూలు మీదే నింపాదిగా అటు తిరిగాడు. కళ్ళజోళ్ళాయన అద్దంతో సహా తిరిగాడు. చెప్పుల షాపు ఫొటోలో మనుషులెవరూ లేరు, అయినా జతలన్నీ మడమలు చూపిస్తూ నిలబడ్డాయి. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి ఏ షాపులోకి వెళ్ళినా గోడ మీద వీపులే.

దీనికి ఎవరూ ఆశ్చర్యపోలేదు. పాలు విరిగితే ఆశ్చర్యపోతామా ఏమిటి? ధర సరిగ్గా కుదరకపోతే ఫొటో అటు తిరుగుతుంది, అంతే. అయితే ధర పైకి తప్పిందా, కిందికి తప్పిందా అన్నది కొన్నవాడు చెప్పాలి. చవగ్గా కొన్నవాడు నోరెందుకు విప్పుతాడు చెప్పండి?

అలా ఫొటోల పిల్లకి తనకి తోచిందే నిజమైపోయింది. టైలర్ ఫొటో తిరగగానే, "అయ్యో, రేటు మరీ ఎక్కువ చెప్పినట్టున్నాను, పాపం సిగ్గుపడుతున్నాడు" అనుకుంది. తర్వాతి షాపుకి తగ్గించింది. అదీ తిరిగింది. ఇంకా తగ్గించింది. కాగితం ఖర్చు, రంగు ఖర్చు, ఫ్రేము ఖర్చు, ఆ పైన ఒక టీ. అదీ ఆమె లెక్క. షాపులో తెల్లవార్లూ కాపు కాసి తీసినా, రోజల్లా కూర్చుని తీసినా, లెక్కలో ఆ టీ పెరిగేది కాదు. పైగా గొంతులో వెయ్యి అనుకున్నది పెదాల దాకా వచ్చేసరికి మూడు వందలయ్యేది, ఎదుటివాడు కొంచెం కనుబొమలు ముడిస్తే చాలు, "మీ ఇష్టం అండీ, మీరెంతిచ్చినా సరే" అనేసేది.

అన్నిటికన్నా ఆమె మనసుని కోసేది బేకరీలో ఫొటో.

బేకరీ అక్క వాళ్ళాయన పొయ్యిలోంచి బ్రెడ్డు ట్రే బయటికి లాగుతూ, ఎవరో పిలిస్తే ఇటు తిరిగి నవ్విన ఫొటో అది. తీసిన వారానికే ఆయన నిద్రలో పోయాడు. ఆయనకి ఫొటోలంటే మొహమాటం, వేరే ఒక్కటి కూడా లేదు. ఫొటోల పిల్ల దాన్ని అందరివాటికన్నా పెద్దది చేసి, మంచి ఫ్రేము కట్టి తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టింది. "డబ్బు మాట ఎత్తకు అక్కా, నీ బన్నులు తినే కదా నేను బతుకుతున్నాను" అంది. ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. కళ్ళు తుడుచుకుని చూస్తే ఆయన ట్రే పట్టుకుని పొయ్యివైపు తిరిగి ఉన్నాడు.

ఏడాదైంది. అక్క ఏ రోజూ పల్లెత్తు మాట అనలేదు. పొద్దున షట్టర్ ఎత్తగానే ఆ వీపుకేసి చూసి, "లేచారా?" అని పలకరించి పనిలో పడుతుంది. అది విన్న ప్రతిసారీ ఫొటోల పిల్లకి గుండె నీరైపోయేది. ఊరికే ఇచ్చినా అటు తిరిగాడంటే ఇంక ఎక్కడికని తగ్గించాలి? తప్పు రేటులో లేదు, తన చేతిలోనే ఉంది, ఈ పని తనది కాదు. అలా నిర్ణయించేసుకుంది.

ఆమె బాబాయి కూడా అదే అంటున్నాడు. ఇనప సామాన్ల కొట్టు ఆయనది. మూడేళ్ళుగా ఈ గదిని అద్దె లేకుండా ఆమెకి ఇచ్చాడు. మాట కరుకు, చెయ్యి మెత్తన. మందుల షాపులో బిల్లులు వేసే ఉద్యోగం ఆయనే మాట్లాడిపెట్టాడు. ఒకటో తారీఖున చేరాలి. గదిలో రంగు డబ్బాలు పెట్టుకుంటానన్నాడు. ఆమె తలూపింది. ఊపిన రోజు నుంచి సరిగ్గా అన్నం సహించలేదు, అది వేరే సంగతి.

వెళ్ళిపోయే ముందు బాబాయికి ఒక ఫొటో తీసిద్దామనిపించింది. తీసింది. నెలాఖరు దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం ఆయనే గదికి వచ్చాడు, వస్తూనే రంగు డబ్బాలు ఎన్ని పడతాయోనని గోడలు కొలుచుకుంటూ.

ఫొటో బల్ల మీద ఉంది. గుమ్మానికి వేలాడే తాళ్ళ చుట్టల మధ్యనుంచి ఎండ పడి, సగం నవ్వు సగం చిరాకుతో బాబాయి త్రాసు పట్టుకుని చూస్తున్నాడు. అచ్చం ఆయనే. బాబాయి గోడలు కొలవడం ఆపేశాడు. గొంతు సవరించుకుని, "ఎంతమ్మా?" అన్నాడు.

"మీ దగ్గర డబ్బులేమిటి బాబాయ్!"

"ఊరికే తీసుకోవడం నాకు అలవాటు లేదు. ఎంతో చెప్పు."

"మూడు వందలివ్వండి."

ఆయన నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టీ పెట్టగానే ఫొటోలో బాబాయి త్రాసు దించి, చక్కా అటు తిరిగాడు. మెడ వెనక చెమట మరకతో సహా కనబడింది.

బాబాయికి తల కొట్టేసినట్టయింది. "చూశావా? నా మొహం నాకే చూపించలేకపోయావు. మూడేళ్ళు గది ఇచ్చి కూర్చోబెట్టాను. ఇందుకేనా? పోయి హాయిగా బిల్లులు వేసుకో. ఈ బొమ్మలాట మనకెందుకు?"

మరి ఫొటోల పిల్ల ఎప్పుడూ ఎవరినీ ఒక్క మాట అనని మనిషి. ఆ రోజు ఏం పుట్టిందో!

"బొమ్మలాటా? మూడు పొద్దులు మీ కొట్టులో సిమెంటు బస్తా మీద కూర్చున్నాను బాబాయ్. ఆ తాళ్ళ సందులోంచి ఎండ మీ మొహం దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో తెలుసా? వచ్చేసరికి మీరు లేచి లోపలికి పోయేవారు. మర్నాడు మళ్ళీ మొదలు. కూర్చోమని ఒక్కసారైనా అన్నారా? దుమ్ముకి రెండు రోజులు దగ్గాను. మూడు వందలా? నాలుగు వేలు దీని రేటు! ఇస్తే ఇవ్వండి, లేకపోతే ఇక్కడ పెట్టి వెళ్ళండి!"

అనేసి తనే బిత్తరపోయింది. కోపంలో ఆయన్ని వెళ్ళగొట్టడానికి అన్న మాట అది. కానీ బల్ల మీద ఫొటోలో ఏదో కదిలింది. బాబాయి భుజం ఇటు తిరిగింది, తర్వాత చెవి, ముక్కు.

ఇద్దరూ ఫొటో మీదికి వంగారు.

ఫొటో బయటి బాబాయి వ్యాపారస్తుడు కదా, నాలుక ఊరుకోలేదు. "మూడున్నర చేసుకో."

ఫొటోలో బాబాయి తిరగడం ఆపాడు. మెడ మళ్ళీ అటు జరగబోయింది.

"సరే సరే, నాలుగే! నాలుగే!" అని బాబాయి గాభరాగా జేబులన్నీ తడిమి మిగతాది బల్ల మీద పెట్టాడు. ఫొటోలో ఆయన పూర్తిగా ఇటు తిరిగి, త్రాసు ఎత్తి పట్టుకుని, అదే సగం నవ్వుతో నిలబడ్డాడు.

ఫొటోల పిల్ల కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్ళూ ఫొటోల్లోవాళ్ళు రేటు ఎక్కువై సిగ్గుపడ్డారనుకుంది. కాదు, నొచ్చుకున్నారు. తను తగ్గించినకొద్దీ ఇంకా నొచ్చుకున్నారు. నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది.

బాబాయి ఫ్రేముని చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మందుల షాపాయనకి నేను చెప్పుకుంటాలే. రంగు డబ్బాలు ఇంకెక్కడో సర్దుకుంటా. కానీ వచ్చే నెల నుంచి అద్దె కట్టాలి. నాలుగు వేలు పుచ్చుకునే మనిషివి, ఊరికే ఉంటే నీకే మర్యాద కాదు."

"కడతాను బాబాయ్," అంది. ఆ ముక్క చెప్తున్నప్పుడు ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో, కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. ఆయన అప్పటికే మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం బేకరీకి వెళ్ళింది. దారంతా కాళ్ళు వెనక్కి లాగాయి. టైలర్‌నైతే అడగొచ్చు, కళ్ళజోళ్ళాయన్నైతే అడగొచ్చు. భర్త పోయిన మనిషిని, ఆకలేసినప్పుడల్లా పిలిచి తిండి పెట్టిన మనిషిని డబ్బెలా అడుగుతుంది? అదీ ఏడుస్తూ ఊరికే ఇచ్చినదానికి? అడిగాక అక్క మొహం మాడిపోతే, ఇంక ఆ గుమ్మం ఎక్కే యోగం ఉండదు. అడక్కపోతే ఆయన అలాగే పొయ్యికేసి చూస్తూ ఉండిపోతాడు.

అక్క కౌంటర్ దగ్గర ట్రేలు సర్దుతోంది. "రావే, వేడిగా ఉన్నాయి, తిను," అని బన్ను తీయబోయింది.

"వద్దక్కా. తింటే చెప్పలేను."

"ఏమైంది?"

"బావగారి ఫొటో. దానికి డబ్బు తీసుకోవాలి నేను."

అక్క చేతిలో బన్ను అలాగే ఉండిపోయింది. ఫొటోల పిల్లకి చెవులు వేడెక్కాయి. రేటు నాలుక మీద జారిపోతోంది, అయిదు వేలు నాలుగైంది, మూడైంది. చీకటితో లేచి ఆ పొయ్యి దగ్గర నిలబడ్డ రోజులు గుర్తు చేసుకుంది. ఆయన నవ్వుతాడేమోనని ఊపిరి బిగబట్టిన క్షణాలు గుర్తు చేసుకుంది. వాటికీ విలువుంది. ఆ నవ్వుకీ విలువుంది.

"అయిదు వేలక్కా," అంది, తలెత్తి.

అక్క బన్నుని ట్రేలో పెట్టింది. చేతులు తుడుచుకుంది. సొరుగు లాగి నోట్లు తీసింది.

"అమ్మయ్య," అంది. "ఈ మాట ఎప్పుడంటావా అని ఏడాదిగా చూస్తున్నానే."

"నీకు తెలుసా?"

"ఎందుకు తెలీదు? రోజంతా కొనడం అమ్మడమే కదా నా పని. కానీ అంత ప్రేమగా ఇచ్చావు. డబ్బిస్తానంటే నీ ప్రేమని నీ మొహాన కొట్టినట్టుంటుందని ఊరుకున్నా. ఇంకో ఫొటో తియ్యమని అడుగుదామంటే, ఒకటి ఊరికే తీసుకున్నదాన్ని ఇంకోటి ఏ మొహంతో అడగను? ఈ వీధిలో అందరిదీ ఇదే బాధ. చవగ్గా కొనుక్కుని, నిన్ను మళ్ళీ పిలవలేక చస్తున్నారు."

అక్క నోట్లు అందిస్తే ఫొటోల పిల్ల రెండు చేతులా తీసుకుంది. ఇన్నేళ్ళలో డబ్బు తీసుకుంటూ తల దించుకోకపోవడం అదే మొదలు. తన కష్టానికి విలువని ఒకరు ఇంత మర్యాదగా చేతిలో పెట్టారు, ఈ జన్మకిది చాలు అనిపించింది.

గోడ మీద ఆయన కదిలాడు. ట్రేని జాగ్రత్తగా పట్టుకుని, బ్రెడ్డు జారకుండా, ఎవరో పిలిచినట్టే ఇటు తిరిగాడు. నవ్వాడు. ఎడమ కనుబొమ మీద పిండి అంటుకుని ఉంది.

అక్క గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. చాలాసేపు చూసింది. "మొహం తుడుచుకుని కౌంటర్ దగ్గరికి రమ్మని ఎన్నిసార్లు చెప్పాను మీకు?" అంది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

బన్నుల కోసం వచ్చిన ఇద్దరు మనుషులు తొందరపెట్టకుండా పక్కన నిలబడ్డారు.

కాసేపటికి అక్క కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగింది. "నన్ను కూడా తియ్యవే. ఆయన పక్కన పెట్టుకోవాలి. ఎంతవుతుంది?"

ఫొటోల పిల్ల రేటు చెప్పింది. అక్క బేరమాడలేదు, జుట్టు సర్దుకోవడానికి మాత్రం పది నిమిషాలు ఆగమంది.