మేనత్త వేసిన తాళం

మా ఆడపడుచు హెయిలాలా మా కంప్యూటర్‌కి తాళం వేసి, ఆ తాళమేదో తానే మరిచిపోయింది. పది గంటలకు మా అమ్మాయి లుసేయానేకి ఆ కంప్యూటర్లోనే ఇంటర్వ్యూ. ఆక్లాండ్‌లో నర్సు చదువుకి పిలుపు రావాలని అది ఎన్నాళ్ళుగా ఎదురు చూసిందో నాకు తెలుసు. ఇవాళ తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. తొమ్మిదిన్నర దాటింది. మేం ముగ్గురం తెర ముందు గుడ్లప్పగించి నిలబడ్డాం. తెర మీద హెయిలాలా వదిన ఫోటో, మా దీవుల్లో చర్చికి వెళ్ళేటప్పుడు బట్టల మీద కట్టుకునే చాప నడుముకి బిగించుకుని, మమ్మల్ని చూసి నవ్వుతోంది.

అదీ ఆవిడ పనే. నిన్న చర్చి హాల్లో ఒక పిల్ల కంప్యూటర్‌ని ఎలా కాపాడుకోవాలో పాఠం చెప్పిందట. ఎవరూ ఊహించలేని పాస్‌వర్డ్ పెట్టుకోండి, కాగితం మీద రాయకండి, ఎవరికీ చెప్పకండి, తెర మీద మీకు నచ్చిన బొమ్మ పెట్టుకోండి అని. వదిన ఇంట్లో కంప్యూటర్ లేదు. అందుకని ఆ పిల్లను చెయ్యి పట్టుకుని మా ఇంటికి లాక్కొచ్చి, విన్నదంతా మా దాని మీద చేయించింది. అడ్డు చెప్పేదెవరు? తమ్ముడి ఇంట్లో అక్క మాటకి తిరుగు లేదు. మా పందిని తోలుకుపోయినా, ‘తాడు కూడా ఇవ్వనా వదినా’ అనాల్సిందే.

“వదినా, కాస్త గుర్తు తెచ్చుకోండి. మీ పుణ్యముంటుంది.”

“గట్టిది పెట్టమంది కదే ఆ పిల్ల! గట్టిదే పెట్టాను. ఎంత గట్టిదంటే నాకే గుర్తు రావట్లేదు. ఇంక దొంగలకేం దొరుకుతుంది?”

“పోనీ ఫోన్లో మాట్లాడవే అమ్మాయ్,” అన్నాను.

“ఇంటర్వ్యూకి వెళ్ళే లింకు మెయిల్లో ఉందమ్మా. ఆ మెయిల్ పాస్‌వర్డ్ నాకు గుర్తులేదు, కంప్యూటరే గుర్తుపెట్టుకుంది,” అంది లుసేయానే ఏడుపు గొంతుతో.

నాకు మతిపోయింది. మనిషి మరిచిపోతే కంప్యూటర్‌ని అడగాలట, కంప్యూటర్‌ని అడగాలంటే మనిషి గుర్తుపెట్టుకోవాలట! పైగా పక్కింటి వాకిట్లో ఆడవాళ్ళు దుంగ మీద బెరడు పరిచి, నారబట్ట కోసం ధన్ ధన్‌మని బాదుతున్నారు. కాసేపు ఆపమని పొద్దున్నే వెళ్ళి బతిమాలాను. ‘రేపు పెళ్ళి. రాజుగారొచ్చినా ఆపం పో’ అన్నారు.

ఇంతలో వదినే ఏదో నొక్కింది. పాస్‌వర్డ్ మరిచిపోతే మూడు ప్రశ్నలకి జవాబు చెప్పమని తెర అడిగింది. ఆ జవాబులు పెట్టింది మా అబ్బాయి మొసేసే. ఓడరేవులో పనిచేసి ఈ కంప్యూటర్ కొన్నదీ వాడే. వాడొచ్చి కొట్టేస్తే చిటికెలో పని. కానీ కంప్యూటర్ ఉన్నది లుసేయానే గదిలో. అక్కాచెల్లెళ్ళ గదిలో మా మగపిల్లలు కాలు పెట్టరు, గది ఖాళీగా ఉన్నా సరే. మీసం రాకముందే వాడు పెరట్లో వేరే గుడిసెకి మారిపోయాడు. ఆ రోజు నుంచీ ఇద్దరూ ఒకచోట కూర్చున్నది లేదు, పరాచికాలు ఆడుకున్నది లేదు. కూర అయిందన్న కబురు కూడా నేనే మోయాలి. మర్యాదే, కాదనను. కానీ నా కడుపున పుట్టినవాళ్ళిద్దరూ పరాయివాళ్ళైపోయారని లోలోపల ఏడ్చిన రోజులున్నాయి.

సరే, మొసేసే పెరట్లో పనసలాంటి మా బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు కింద నిలబడ్డాడు. నేను గడప దగ్గర. లుసేయానే తెర దగ్గర.

“పుట్టిన ఊరు అడుగుతోంది,” అంది. తన ఊరు కొట్టింది. తప్పట.

“అదేంటే, నువ్వు పుట్టింది నాకు తెలీదా?” అని పెరట్లోకి పరుగెత్తాను. “ఒరేయ్, ఏం పెట్టావురా?”

“వవాఉ అమ్మా. నేను పుట్టిన ఊరు.”

“వాడు పుట్టిన ఊరట!” అని అరిచాను.

“ఇప్పుడు నేను లుసేయానేనా, మొసేసేనా?” అంది నా కూతురు జుట్టు పీక్కుంటూ. వవాఉ అని కొట్టింది. ఒప్పుకుంది. రెండోది, మొదట పెంచుకున్న జంతువు పేరు.

“కెప్టెన్!” అన్నాడు మొసేసే చెట్టు కిందనుంచి.

“ఆ పందా?” అంది వదిన. “మా నాన్న చావుకి కోశాం కదే. ఎంత రుచిగా ఉందనీ!”

“వదినా, మీకు దణ్ణం పెడతాను, కాసేపు ఊరుకోండి!” అనేశాను. అన్నాక నాకే భయమేసింది.

మూడోది అడిగింది. చిన్నప్పుడు మీకు అందరికంటే గొప్పగా కనిపించిన మనిషి ఎవరు? నేను గడప దాటేలోపే వదిన “రాజుగారు!” అంది, పిల్ల కొట్టేసింది. తప్పు. ‘నాన్న’ అని కొట్టింది. తప్పు. ఇంకొక్కసారి తప్పితే సాయంత్రం దాకా తెరుచుకోనంది ఆ కంప్యూటర్. పదికి పదే నిమిషాలుంది.

నేను చెట్టు కిందికి పరుగెత్తాను. “ఒరేయ్, గొప్ప మనిషి ఎవర్రా? పాస్టరుగారా? రగ్బీ ఆడేవాడా?”

వాడు నేల చూపులు చూశాడు.

“బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేంట్రా! అక్కడ అక్క చదువు పోతోంది!”

వాడి చెవులు ఎర్రబడ్డాయి. “తన పేరే అమ్మా,” అన్నాడు.

“ఎవరి పేరు?”

“లోపలున్నదాని పేరు. నేను చెప్పానని చెప్పకు.”

బడి దారిలో కుక్కలు చుట్టుముడితే, తమ్ముణ్ణి వెనక్కి నెట్టి, చేతిలో రాయి పట్టుకుని నిలబడిన బక్కపిల్ల గుర్తొచ్చింది. వాడూ మరిచిపోలేదన్నమాట.

లోపలికొచ్చి, “నీ పేరు కొట్టు,” అన్నాను.

“నా పేరా? ఎందుకమ్మా?”

“కొట్టవే ముందు!”

కొట్టింది. కంప్యూటర్ తెరుచుకుంది. వదిన నడుముకి చుట్టుకున్న చాప అంచు సర్దుకుంది. “ఆ జవాబు మార్చేయవే, ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది,” అంది మెల్లగా.

“మార్చను అత్తా,” అంది లుసేయానే. తర్వాత నా వైపు తిరిగి, “అమ్మా, వాడితో...” అని ఆగింది.

“ఏం చెప్పనే?”

“ఏం లేదు. పందులు కిటికీ దగ్గరికి రాకుండా చూడమను.”

ఇంత జరిగి, పందుల కబురా నేను మొయ్యాల్సింది! అది మింగేసిన మాట వాడికి చెప్పాలో, వాడు చెప్పొద్దన్న మాట దానికి చెప్పాలో తేలక బయటికొచ్చాను. చెట్టు కింద మొసేసే లేడు. లోపల తెరలోంచి ఎవరో శుభోదయం చెబుతున్నారు. అప్పుడు తెలిసింది నాకు, బెరడు బాదుడు ఆగిపోయిందని.

కంచె మీదుగా తొంగి చూశాను. పక్కింటి వాకిట్లో మా మొసేసే దుంగ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ ఆడవాళ్ళు బాదుకర్రలెత్తి తిట్టిపోస్తున్నారు. “లేస్తావా, నీ వీపు మీద బాదమంటావా?” అంది ఒకావిడ.

వాడు తల వంచుకునే ఉన్నాడు.

“కాసేపే అత్తా,” అన్నాడు. “లోపల మా అక్క మాట్లాడుతోంది.”